గడపకు పూసిన పసుపు

మా చిన్నపాప పోగొట్టుకున్నవి ఇవి: మూడు నెలల్లో రెండు కిలోల బరువు, అన్నం మీద ఆశ, మధ్యాహ్నం నిద్ర, ఇరవై దాకా లెక్కపెట్టే ఒంట్లలో ఏడు తర్వాతవన్నీ. అప్పుడు దానికి నాలుగేళ్లు.

యాడికి ఊళ్లో మాది నాయన కట్టించిన ఇల్లు. తొంభైల చివర, వరుస కరువుల్లో, గడపలు కడిగి పసుపు రాయడానికి వారానికి రెండు బిందెలు, ఏడాదికి నూట నాలుగు బిందెల నీళ్లు పోతున్నాయని లెక్క తీసిన మేధావిని నేనే. పసుపు పెయింటు కొట్టించి, మీద ఎర్రచుక్కలు పెట్టించాను. వీధంతా మెచ్చుకుని అదే చేసింది. లక్ష్మీదేవికి తేడా తెలియదని అందరికీ ధీమా. ప్రతి ఉగాదికీ పాతదాన్ని గరుకు కాగితంతో రుద్ది కొత్త పూత వేయించడం, ఆ పొడిని పాప ముందే చీపురుతో ఊడ్చడం.

కడుపునొప్పి అంటే ఊళ్లో డాక్టరు మూడుసార్లు నులిపురుగుల మందు పోశాడు. ఒక్క పురుగూ పడలేదు. ఆయన నమ్మకమూ సడలలేదు. చివరికి బెంగళూరులో డాక్టరమ్మ రక్తం తీయించింది. "ఒంట్లో సీసం ఉంది. ఇంటి రంగుల్లో ఉంటుంది. పాత ఇల్లు కదా, పాప ఎక్కడ కూర్చుంటుందో, ఏం నోట్లో పెట్టుకుంటుందో చూడండి" అంది.

ఇంటికొచ్చి వంగి చూశాను. గడప అంచున పెచ్చులు లేచాయి. పాప కూర్చునే చోట నాలుగు చిన్న పంటిగాట్లు. గడప మీద కూర్చోవద్దని రోజూ తిట్టేవాళ్లమే, దరిద్రం చుట్టుకుంటుందని. బ్లేడుతో కోస్తే ఆరు పసుపు పొరలు, అడుగున నాయన వేయించిన ఆకుపచ్చ.

మిగిలిన పసుపు పెయింటు డబ్బా పట్టుకుని తాడిపత్రిలో రంగుల అంగడికి పోయాను. ఎన్ని అడుగులకు వస్తుందో, ఎన్ని గంటల్లో ఆరుతుందో దాని మీద ఉంది.

"దీంట్లో సీసం ఎంత ఉండాది?"

"ఏమప్పా, రంగు పూసుకుంటారా, నాకుతారా?" అంగడాయన నవ్వాడు.

"నా బిడ్డ నాకింది. ఎంత?"

"అవన్నీ యాడ రాసిపెట్టినారన్నా? కంపెనీవాళ్లు వస్తే అడిగి చెప్తాలే."

గడపలు రెండూ గీకకుండా పీకించి, నల్లబండలు వేయించాను. పాప మళ్లీ ఇరవై దాకా లెక్కపెట్టడానికి ఏడాదిన్నర పట్టింది. వీధిలో చెబితే, "అంత సీసముంటే ఎంతో చెప్పు, లెక్కలాయనా" అని నవ్వారు.

అప్పటికి మా వీధిలో పసుపు గడపలు పదిహేడు, వాటి మీద కూర్చునే పిల్లలు తొమ్మిది మంది. డబ్బాకు సీసం ఎంత అన్న ఆ ఒక్క అంకె, ఆ అంగడి నుంచి ఈనాటికీ రావాల్సే ఉంది.