వెనక్కి ఐదడుగులే

సూరత్‌లో చీరల కేటలాగుకు ఫొటోలు దిద్దే పని నాది. రంగు మార్చిన ప్రతిసారీ కంప్యూటర్ బిగుసుకుపోయేది.

"ఏందక్కా, గింత స్లో? హిస్టరీ జర తగ్గియ్యి" అంది పక్క సీటు పిల్ల. హిస్టరీ అంటే ఎన్ని మార్పుల దాకా వెనక్కి పోవచ్చో చెప్పే అంకె. యాభైని ఐదు చేశాను. కంప్యూటర్ పరుగందుకుంది.

సేఠ్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. రాణీ రంగన్నాడు, మెహందీ అన్నాడు, అంచు ముదురు చెయ్యమన్నాడు, మళ్లీ లేతగా మార్చమన్నాడు; అలా పది మార్పులైనా చేయించాడు. నా బుద్ధి గడ్డి తిని, అన్నీ ఆ ఫొటో మీదే సేవ్ చేస్తూ పోయాను.

"పెహలేవాలా హీ అచ్ఛా థా" అన్నాడు చివరికి. మొదటిదే బాగుందట! వెనక్కి నొక్కాను. ఐదు నొక్కులకు ఆగిపోయింది. చూసి సరిచేద్దామంటే అసలు చీర పొద్దుటే పార్సిల్లో వెళ్లిపోయింది.

కంప్యూటర్ మళ్లీ మొరాయించిందా అని జాలిగా అడిగాడు సేఠ్. ఔనని తలూపాను.