జట్కా కుదుపు

పోలీస్ యాక్షన్ అయిన రెండేండ్లకు, నాంపల్లి స్టేషన్ల ఆడోళ్ల వెయిటింగ్ రూముల కూసున్న. నెల కింద నాకు మూడో నెల కడుపు పోయింది. అబిడ్స్ దాకా జట్కా ఎక్కినందుకే పోయిందని మా అత్త అన్నది. నిండు నెలలామె వచ్చి పక్కన కూసుంటే, కడుపు పోయినదాని నీడ ఆమెకు తగలొద్దని బెంచీ చివరికి జరిగిన. ఎందుకని ఆమె అడిగితే, జట్కా సంగతితో సహా అంతా చెప్పిన.

“నాకూ రెండు పోయినయమ్మా. మా అక్కకొకటి, మా అత్తకొకటి. ఎవరూ బయటికి చెప్పుకోరు గని చానామందికి పోతయ్. ఈడు ముదిరితే జర ఎక్కువ, గంతే. జట్కాకు గాదు. చానావరకు పిండమే సరిగ్గ కట్టక పోతదట, దవాఖానల డాక్టరమ్మ చెప్పింది,” అన్నది. నా దగ్గరికి జరిగి, బత్తాయి ఒలిచి సగం నా చేతిల పెట్టింది.

ఆమె పేరు గూడ అడగలె. తర్వాత నేను కడుపుతోని ఉన్నప్పుడు, నన్ను జూసి ఎవరన్న ఆడామె దూరం జరిగితే, నేనే ఆ జరిగినామె దిక్కు జరిగేదాన్ని.