కృపక్క గ్రహానికి కొత్త మనిషి

మా కృపక్కకు మనుషులు కనిపించరు, జనాభా కనిపిస్తుంది. తప్పంతా ఆవిడ ఫోన్‌లోని ఆటది. ఆకాశంలో ఎక్కడో ఒక ఎర్రటి గ్రహం, దాని మీద కాలనీ కట్టి, ఓడల్లో జనాన్ని దింపుకుంటూ పెంచాలి. ఇళ్ళకు మించి జనం పెరిగితే వాళ్ళ మొరేల్, అంటే హుషారు, పడిపోతుంది. అది పడిందా, పని మానేసి అలిగి కూర్చుంటారు.

తక్కిన ఆటగాళ్ళు గ్రహాలకు గ్రహాలు ఆక్రమిస్తుంటే, మా అక్క వచ్చిన ఓడనల్లా వెనక్కి పంపేది. ఉన్నవాళ్ళకు ముందు పార్కు కట్టాలట. గనులు తవ్వమని సలహా ఇస్తే, "గనులు చూసి నవ్వుతారేంటే జనం?" అని నన్నే కసిరింది.

అరబ్బు దేశంలో, డేరా అనే పేటలో ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన గదిలో నలుగురం నర్సులం. అందరిలోకీ పెద్ద కృపక్కే. అమలాపురం మనిషి, యాభై దాటాయి. డ్యూటీ నుంచి వచ్చిన ప్రతివాళ్ళనీ గుమ్మంలో ఆపి, నూటికి మొరేల్ ఎంతో చెప్పమనేది. నలభై అంటే పప్పుచారు. ఇరవై అంటే చేపల పులుసు వండి పెట్టేది. అందుకని మేం ఎంత హుషారుగా ఉన్నా ఇరవై దాటనిచ్చేవాళ్ళం కాదు.

కరోనా సద్దుమణిగిన ఏడాది, వసతి చూసే షహర్‌బాను మేడమ్ కొత్తమ్మాయి ఫేబాను వెంటబెట్టుకొచ్చి, ఐదో మంచం వేయిస్తానంది. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇళ్ళకు మించి జనాభా కుదరదంది. అయితే ఈ పిల్లను ఎక్కడో దూరాన, ఫ్యాక్టరీల మధ్య ఐకాడ్‌లోని క్లినిక్కుకు పంపేస్తానంది మేడమ్. ఆ క్లినిక్కులో తెలుగువాళ్ళు ఒక్కరూ లేరు. ఇల్లు వదిలి వారం కాని పిల్ల, సూట్‌కేసు పట్టుకుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది. నాకు ఒళ్ళు మండింది. ఫోన్‌లో బొమ్మల కోసం ప్రాణమున్న పిల్లను వెళ్ళగొడతారా అని అడిగేశాను.

అక్క చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి మేట్రన్‌తో మాట్లాడి వచ్చింది. మేమంతా తప్పించుకు తిరిగే నైట్ డ్యూటీని శాశ్వతంగా తనకే వేయించుకుందట. ఇక తన మంచం పగలు తనకు, రాత్రి ఫేబాకు.

"ఈ వయసులో నైట్లేంటక్కా?" అన్నాను.

"రాత్రీ నలుగురే, పగలూ నలుగురే. జనాభా ఎక్కడ పెరిగిందే?" అని దబాయించింది.

షహర్‌బాను మేడమ్ వేళ్ళ మీద లెక్క చూసుకుని, సరే, ఖలాస్ అనేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అక్క తన దుప్పటి తీసేసి, ఉతికింది పరిచి మరీ డ్యూటీకి వెళ్ళింది. ఫేబా ఆ మంచం మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది.

"పెద్దావిడకి కొంచెం తిక్కుంది గానీ, మనోళ్ళేనమ్మా."