మేనత్త వాటా

మా టోంగాలో పెద్ద చదువు చదవాలనుకునే ఆడపిల్లంటే ఎంతో గౌరవం. ఎంత గౌరవమంటే, లోసేలి గదిలో అడుగుపెట్టగానే పెద్దమనుషులు లేచి బయటికి వెళ్లిపోయేవారు.

ఆమె హాపై దీవుల్లో సైన్సు టీచరు. తీరంలో సముద్ర దోసకాయలనే జీవులు ఏటేటా ఎందుకు తరిగిపోతున్నాయో తేల్చాలని ఆశ. దానికి విదేశం వెళ్లి పరిశోధన చెయ్యాలి. వెళ్లడానికి సర్కారు స్కాలర్‌షిప్ రావాలి. అది ఏడాదికి ఒక్కటే. ఇచ్చే కమిటీలో అయిదుగురుంటే, ముగ్గురు ఆమెకు వరసకు అన్నదమ్ములు. ఇంత చిన్న దేశంలో ఎవరు ఎవరికి ఏమీ కాకుండా ఉంటారు? అన్నదమ్ములు అక్కచెల్లెళ్లతో ఒకే గదిలో కూర్చోవడం మర్యాద కాదు. అందుకని పెదనాన్న కొడుకు సియోసిఫా పెద్దల ముందు మర్యాదకని నడుముకు చుట్టుకున్న చాప సర్దుకుంటూ లేచేవాడు, వెనకే మిగతా ఇద్దరూ. మిగిలిన ఇద్దరితో కమిటీ చెల్లదు కనక ఇంటర్వ్యూ మరుసటేడాదికి వాయిదా. ఇలా మూడేళ్లు. కమిటీలోంచి తప్పుకుని వేరేవాళ్లకు చోటివ్వడం కూడా మర్యాదేనని ఆ ముగ్గురిలో ఒక్కడికీ తోచలేదు. మీటింగు భోజనం అంత రుచి మరి.

నాలుగో ఏడు సియోసిఫా కొడుకు కేలేపి దరఖాస్తు పెట్టాడు. కన్నకొడుకును తండ్రి ప్రశ్నలడగడానికి ఏ ఆచారమూ అడ్డురాలేదు. స్కాలర్‌షిప్ సీటు వచ్చేసింది. కుర్రాడు మంచివాడే, అక్కడికి వెళ్లి ఏం చదవాలో మాత్రం ఇంకా ఆలోచించుకోలేదు.

వీడ్కోలు విందుకు ఊరంతా వచ్చింది. మేనత్త లేనిదే మాకు ఏ వేడుకా జరగదు కనక లోసేలికి పెద్దపీట వేశారు. మేనల్లుడి సొత్తులో ఆమె ఏది కోరితే అది ఆమెదే, కాదనకూడదు. మాకు బంగారంతో సమానమైన మేలిరకం చాపలు, కాల్చిన పందిలో మంచి భాగం తెచ్చి ముందు పెట్టారు. చెల్లెలు లోపలుంది కనక సియోసిఫా పెరట్లోనే ఉండిపోయాడు.

లోసేలి చాపలు పక్కకు నెట్టింది. "ఇవొద్దురా కేలేపీ. నీ సీటు కావాలి నాకు."

నమిలేవాళ్లు నమలడం మానేశారు. కమిటీ అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "ఆచారం వేరు, సర్కారు వేరు కదమ్మా" అన్నాడు.

"మూడేళ్లు నన్ను గుమ్మంలోంచే వెనక్కి పంపినప్పుడు రెండూ ఒకటేగా, పెద్దయ్యా?"

ఆయన పందిమాంసం ముక్క ఇంకొకటి అందుకున్నాడు. పెరట్లోంచి సియోసిఫా భార్యచేత కబురంపాడు, ఇంకో రెండు పందులిస్తాను, సరిపెట్టుకోమని. ఆ రెండూ ఆయన్నే తినమను వదినా, అని లోసేలి ఆమెను తిప్పి పంపింది.

కేలేపి తల వంచుకుని, "నీదే అత్తా" అన్నాడు. వాడి మొహంలో దిగులేమీ కనబడలేదు.

మర్నాడు అధ్యక్షుడు స్కాలర్‌షిప్ కాగితంలో కేలేపి పేరు కొట్టేసి లోసేలి పేరు రాశాడు. నియమాలు ఒప్పుకుంటాయా అని ఎవరూ అడగలేదు. మేనత్తను కాదనే నియమం రాయగల మొనగాడు మా దేశంలో ఇంకా పుట్టలేదు.