మా పెద్దమ్మ పట్టుకున్న దొంగ

మా పెద్దమ్మ సాయమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఉతకడానికొచ్చిన మూట విప్పి బట్టలు చూసిందంటే ఆ ఇంటి సంగతులన్నీ చెప్పేది. ఎవరికి జ్వరం తగిలింది, ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరు అలిగి అరుగు మీద పడుకుంటున్నారు, అన్నీ ఆమెకు తెలిసేవి. అలాంటి మనిషికి సొంత ఇంట్లో జరిగిన దొంగతనం నెలల తరబడి తేలలేదు. ముసలితనంలో కూడా ఆ సంగతి ఎవరైనా ఎత్తితే చేతిలో ఉన్న చెంబు నేలకేసి కొట్టేది. ఆ దొంగ మా నాయనే కాబట్టి, ఈ కథ నేను చెప్పడమే న్యాయం.

మాది పెన్‌పహాడ్ పక్కన చిన్న పల్లె. మేము ఊరి చాకలివాళ్ళం. అప్పటికి ఇంట్లో ఉన్నది నలుగురే: మా నాయనమ్మ ముత్తమ్మ, పెదనాయన గోపయ్య, ఆయన భార్య సాయమ్మ, ఇంకా పెళ్ళికాని మా నాయన మల్సూర్. నలభై ఎనిమిది వానాకాలంలో పక్క ఊరిని రజాకార్లు తగలబెట్టారని తెలిసి మా ఊరంతా కదిలింది. కోదాడ మీదుగా సరిహద్దు దాటి ఆంధ్రలో తలదాచుకుందామని నడిచారు. బట్టలు ఉడకబెట్టే పెద్ద రాగి కాగును మోసుకుపోలేక, మేకల కొట్టంలో గుంత తీసి పాతిపెట్టారు. ఆ సంగతి ఆ నలుగురికే తెలుసు.

కోదాడ దాకా వచ్చాక మా నాయన ఆగిపోయాడు.

"నేను రాను. దళంలకు పోతున్న," అన్నాడు. దళమంటే రజాకార్ల మీద తుపాకి పట్టిన కమ్యూనిస్టుల గుంపు.

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పెదనాయన తమ్ముడి భుజం తట్టాడు. పెద్దమ్మ మాత్రం, "కుక్క మొరిగితే గోడెక్కేటోడు దళంలకు పోయి ఏం జేస్తడు?" అంది.

పోలీసు చర్య జరిగాక అందరూ తిరిగొచ్చారు. కొట్టంలో తవ్వి చూస్తే కాగు లేదు. రజాకార్లు ఎత్తుకుపోయారని ఊరంతా తేల్చేసింది.

"రజాకార్లు తవ్వితే గుంత గట్లనే ఇడిసిపెట్టి పోతరు. మట్టి పూడ్సి, పైనుంచి పేడతోని అలుకుతరా? ఇది తెలిసినోళ్ళ పని," అంది పెద్దమ్మ.

"ఊరంత పోగొట్టుకున్నది. నీదొక్కదానిదే పోయిందా?" అన్నాడు పెదనాయన, నేల చూస్తూ.

"పోయింది పోయింది. పానాలు దక్కినయి, సాలు," అంది నాయనమ్మ.

పెద్దమ్మ ఊరుకోలేదు. కొట్టం పక్కింటివాళ్ళను అడిగింది. పాత సామాన్లు కొనేవాళ్ళను అడిగింది. పెన్‌పహాడ్‌లో కంచరి ఇంటికి పోయి ఆయన ముందున్న గిన్నెలన్నీ తిప్పి చూసింది. ఇంటికొస్తే భర్త ఒక మాట సాయం చేయడు, అత్త వినదు. మట్టి కుండల్లో బట్టలు ఉడకబెడితే వారానికొకటి పగిలేది. పగిలిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి అందరినీ తిట్టేది.

ఈలోపు ఊళ్ళో మా నాయన పేరు పెరిగిపోయింది. మల్సూర్ అడవిలో తుపాకి పట్టాడని ఒకరంటే, ఠాణా మీద పడ్డాడని ఇంకొకరు. నాయనమ్మ కాదనేది కాదు. నలభై తొమ్మిది ఎండాకాలానికి సర్కారు మారి, పటాలం వాళ్ళు దళాల కోసమే పల్లెలు గాలిస్తున్నారు. ఆ గొప్పలు వాళ్ళ చెవిన పడ్డాయి. ఒక పొద్దున వచ్చి, తమ్ముడెక్కడో చెప్పమని పెదనాయనను సూర్యాపేట క్యాంపుకు తీసుకుపోయారు.

పెద్దమ్మ సద్ది మూట కట్టుకుని సూర్యాపేట నడిచింది. తీగల కంచెకు అవతల పెదనాయన చెంప వాచి ఉంది.

"మీ తమ్ముడు ఏడున్నడో తెలిస్తే జెప్పు. బయటపడ్తవు," అంది.

"నాకు తెల్వదు."

"నా మొకం జూసి జెప్పు."

ఆయన సద్ది మూట చూస్తూ, "కారం ఎక్కువేసినవా?" అన్నాడు. ఈయన ఏదో దాస్తున్నాడని ఆమెకు అప్పుడే అర్థమైంది.

పెదనాయనను పట్టుకుపోయిన నాలుగో రోజు పట్వారీ భార్య లక్ష్మీకాంతమ్మ ఉతకడానికి బట్టలిచ్చింది. అందులో మిర్యాలగూడ నుంచి వచ్చిన ఆమె తమ్ముడు శంకరయ్య చొక్కా ఒకటుంది. శంకరయ్య అక్కడ కచేరీలో గుమాస్తా. ఎవరి బట్టలు వాళ్ళకు చేరడానికి చాకలివాళ్ళు జీడిగింజ రసంతో మెడపట్టీ లోపల గుర్తు పెడతారు. ఆ చొక్కాకు నిలువు గీత, పక్కన రెండు చుక్కలు ఉన్నాయి. అలా గీత పక్కన చుక్కలు పెట్టడం మా తాత మొదలుపెట్టిన పద్ధతి. మా ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ పెట్టరు.

పెద్దమ్మ తడిచేతులతోనే శంకరయ్య దగ్గరికి పోయింది.

"అయ్యా, మిర్యాలగూడల మీ బట్టలు ఎవరు ఉతుకుతరు?"

"చెరువు తూము కాడ ఒకడున్నడు. పేరు అడగలె. పని బాగ జేస్తడు గని మాటలు జాస్తి."

ఇక చాలనుకుంది. ఇంటికొచ్చి చొక్కా అత్త ముందు పరిచింది.

"అత్తా, గిదేంది?"

నాయనమ్మ మెడపట్టీ తిప్పి గుర్తు చూసింది. తర్వాత ఏడుస్తూ చెప్పింది. కొడుకు మిర్యాలగూడలో జానమ్మ అనే కిరస్తానపు పిల్లను మనువాడాలనుకున్నాడు. కులపోళ్ళు వెలివేస్తారని భయపడి, తల్లికి మాత్రం గుట్టుగా చెప్పి, అందరితో దళమని అబద్ధమాడాడు. కోదాడలో వెనక్కి తిరిగినవాడు నేరుగా ఇంటికొచ్చి, బతకడానికి కాగు తవ్వుకుపోయాడు. పెదనాయనకూ తెలుసు. ఎవరికీ చెప్పనని తల్లికి ఒట్టేశాడు.

"నేను ఊరంత తిరిగి దొంగను దేవులాడుతుంటే మీరిద్దరు సూసుకుంట కూసున్నరా?"

"నీకు జెప్తే నోరు ఆగదు, బిడ్డా."

ఆ మరునాడే శంకరయ్యను వెంటబెట్టుకుని ఆమె మిర్యాలగూడ పోయింది. తూము దగ్గర కాగు ఉడుకుతోంది. దాని పక్కన నిండు గర్భిణి ఒకామె కట్టెలు ఎగదోస్తోంది. మా నాయన బండ మీద పంచె బాదుతూ తలెత్తి చూశాడు.

"వదినె, దళం పని మీద గీడికి..."

"నోరు ముయ్యి. మీ అన్న లాఠీ దెబ్బలు తింటున్నడు."

మా నాయన చేతిలో పంచె జారి నీళ్ళలో పడింది. అన్నను పట్టుకుపోయిన సంగతి అతనికి నిజంగానే తెలియదు. వెంటనే తలగుడ్డ చుట్టుకుని ఆమెతో సూర్యాపేటకు బయల్దేరాడు. వీడు పోయిన వానాకాలం నుంచీ తన బట్టలే ఉతుకుతున్నాడని, క్యాంపులో చూపడానికి శంకరయ్య కాగితం మీద రాసిచ్చాడు. రాసేముందు తన చొక్కాలు ఎప్పుడిస్తావని రెండుసార్లు అడిగాడు.

క్యాంపులో ఒక రోజంతా ప్రశ్నలు వేసి, మరుసటి రోజు అన్నదమ్ములిద్దరినీ వదిలేశారు. దారిలో పెద్దమ్మ పెదనాయనతో, "నీ తమ్ముడు కాగు తీసుకపోయిండని కాదు నా బాధ. పదేండ్లు కాపురం జేసినంక సుత నన్ను బయటిదాన్ని జేసిన్రు," అంది. పెదనాయన ఊరు చేరేదాకా ఆమె వెనకే నడిచాడు.

వారం తర్వాత పెద్దమ్మ కాగు కోసం మళ్ళీ మిర్యాలగూడ పోయింది. మా అమ్మ జానమ్మ దాన్ని చింతపండుతో తోమి, తాడు కట్టి సిద్ధంగా పెట్టింది.

"అక్కా, మీకు జెప్పకుంట తెచ్చిండని నాకు తెల్వదు. తీసుకపోన్రి."

"కాగు తీసుకపోత. నిన్ను గూడ తీసుకపోత. గీడ నీకు పురుడు ఎవరు పోస్తరు?"

కాగును మా నాయన నెత్తికెత్తింది. నేను ఆ నెలలోనే పుట్టాను. కులపెద్దలు కూర్చుని మా ఇంట్లో ఎవరూ నీళ్ళు ముట్టరాదన్నారు. "ముట్టకున్రి. మీ ఇండ్ల నీళ్ళు గూడ మేం ముట్టం," అంది పెద్దమ్మ. ఆ పంతం రెండేళ్ళు సాగింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఏ పనీ ఆమెను అడగకుండా జరగలేదు. ఉప్పు తేవాలన్నా, మేకను అమ్మాలన్నా నాయనమ్మ, పెదనాయన ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. దానికీ ఆమె విసుక్కునేది: "ప్రతిదానికి నన్నే అడిగి నా పానం తీస్తున్నరు."