దూలానికి కొక్కెం

నా చిన్నప్పుడు మా నాన్నకు చోడవరం బడికి బదిలీ అయితే ఒక పాత పెంకుటింట్లో దిగాం. ఆ ఇంటి దూలానికి ఉయ్యాల కొక్కెం లేదు. ఆ సంగతి మాకెవరికీ పట్టలేదు, పలకరించడానికి వచ్చిన పక్కింటావిడకు పట్టింది. అప్పటికి మా అమ్మకు ఏడో నెల. ఆవిడ అమ్మ కడుపు వంక చూసి, దూలం వంక చూసి, పురుడు ఎక్కడని అడిగింది. అమ్మకు తల్లి లేదు, పుట్టింట్లో చేసే దిక్కు లేదు. ఇక్కడే అని చెప్పింది. ఆవిడ గొంతు తగ్గించి, ఈ ఇంట్లో పసిబిడ్డ ఏడుపు విన్నవాళ్ళు లేరనీ, ఇంతకుముందు కాపురమున్న ఇద్దరు ఆడవాళ్ళూ నిండు కడుపుతో గడప దాటినవాళ్ళే గాని బిడ్డతో తిరిగొచ్చిన వాళ్ళు కారనీ చెప్పింది. పోతూ పోతూ నిప్పు లేనిదే పొగ రాదని సామెత కూడా వేసింది. కొందరికి నిప్పుతో పనిలేదు, పొగ చాలు.

ఆ రోజునుంచి అమ్మ తిండి తగ్గిపోయింది. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. పక్కలో పడుకున్న నాకు అమ్మ కళ్ళు దూలం మీదే ఉన్నట్టు తెలిసేది, నేనూ అటే చూసేదాన్ని. ఈ ఇల్లు వద్దని అమ్మ ఏడిస్తే నాన్న ఇవన్నీ మూఢనమ్మకాలని పాఠం చెప్పారు. పాఠం విని భయం పోయినవాళ్ళను నేనైతే చూడలేదు. తరువాత ఆయనే వేరే ఇంటికోసం తిరిగారు గాని, చెరుకు సీజను మొదలై చక్కెర ఫ్యాక్టరీలో పనికోసం వచ్చినవాళ్ళతో ఊళ్ళో గది కూడా ఖాళీ లేదు.

మాతో ఉండే మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, ఇదంతా చూస్తూ ఊరుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం ఇంటికి రాకుండా చర్చి మెట్ల దగ్గరే నిలబడి, మా ఇంట్లో ఎవరెవరు ఉండి వెళ్ళారో వచ్చేపోయే వాళ్ళందరినీ ఆరా తీసింది. ఆ ఇద్దరిలో ఒకావిడ కె.కోటపాడులో, ఒకావిడ రోలుగుంటలో ఉన్నారని తేలింది. నాన్న నవ్వారు, ఊరంతా చెప్పుకునే పుకారుకోసం ఊరూరా తిరగడం ఎందుకన్నారు.

"ఊరికేటి తెలుస్తాది? ఆ ఇంట్లో ఉన్నది ఊరు కాదు. ఉన్నోల్నే అడగాల" అంది మామ్మ. మర్నాడు నన్ను తోడు తీసుకుని బస్సెక్కింది.

కోటపాడు ఆవిడ మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, సంగతి విని పకపకా నవ్వింది. నవ్వుతూనే పెరటివైపు తిరిగి కేకేస్తే, మీసాలు మొలుస్తున్న కొడుకు చెరుకు గెడ నములుతూ వచ్చి నిలబడ్డాడు. "పురిటికి మా అమ్మోరింటికి ఎల్లేనండి. గుంటడికి మూడో నెల రాకముందే మా ఆయనకి బదిలీ అయిపోయింది. మరింక ఆ ఇంటికెందుకొస్తాం?" అంది. నా గుండె బరువు సగం దిగింది.

మిగతా సగం రోలుగుంటలో మళ్ళీ ఎక్కింది. అక్కడి ఆవిడ నవ్వలేదు. ఆవిడా పురిటికి పుట్టింటికే వెళ్ళింది. అక్కడే బిడ్డ పుట్టాడు, అక్కడే జ్వరం వచ్చి పదిరోజులకే పోయాడు. రోలుగుంట వచ్చాక ఇద్దరు ఆడపిల్లలు పుట్టారట, బడికి వెళ్ళారని చెప్పింది. మమ్మల్ని సాగనంపుతూ, వాకిట్లో తాను నాటిన నందివర్ధనం ఇంకా ఉందా అని అడిగింది. ఉందన్నాను. "ఆ ఇంటినేటీ అనకండమ్మా. ఆ ఇంట్లో నాను సుకంగానే ఉన్నాను" అంది.

తిరుగు బస్సులో నాకు ఒకటే బెంగ. అమ్మకు ఈ రెండో సంగతి చెప్పొద్దని మామ్మ చెయ్యి పట్టుకుని బతిమాలాను. మామ్మ కిటికీలోంచి చూపు తిప్పి నా వైపు తిరిగింది.

"దాసేననుకో, మీ అమ్మ నా మొకం సూసి కనిపెట్టేస్తాది. అప్పుడు కోటపాడు గుంటడు కూడా అబద్దమే అనుకుంటాది. అలా సెయ్యకూడదే" అంది.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే అమ్మ ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. చచ్చిపోయిన బిడ్డ సంగతి వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. అమ్మ ఏడ్చింది. కానీ ఆ ఏడుపు వేరు. అన్నాళ్ళూ తనకోసం ఏడ్చింది, ఆ సాయంత్రం ముఖమెరుగని ఆ రోలుగుంట తల్లికోసం ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కొంగుతో ముక్కు తుడుచుకుని, అన్నం పెట్టమంది. తింటూ తింటూ తలెత్తి చూసి, "అత్తా, ఆ దూలానికి కొక్కెం కొట్టించండి" అంది.

తమ్ముడు ఆ ఇంట్లోనే పుట్టాడు. పక్కింటావిడ చెవులు చిల్లులు పడేలా ఏడ్చాడు. మళ్ళీ బదిలీ అయ్యి సామాను కట్టేటప్పుడు నాన్న కొక్కెం పీకబోతే మామ్మ ఆపింది. "ఉండనీరా బాబూ. రేపొచ్చే పిల్ల తలెత్తి సూస్తాది కదా" అంది.

నేనూ ఎన్నో ఇళ్ళు మారాను. మొన్న మా మనవరాలు, నెలలు నిండుతున్న పిల్ల, అనకాపల్లిలో అద్దెకు తీసుకోబోయే పాత ఇంటి గురించి ఎవరో ఏదో అన్నారని ఫోనులో చెప్పింది. భయపడకు అని నేను అనలేదు. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు ఇప్పుడెక్కడ ఉన్నారో కనుక్కోమని చెప్పి, నేనొస్తున్నాను, ఇద్దరం కలిసి వెళ్ళి అడుగుదాం అన్నాను. మోకాళ్ళ నొప్పుల మాట తరువాత చూసుకోవచ్చు.