జమ్మి ఆకు ఫోటోలు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో, ఒక ఆశ్వయుజంలో నాకు నిద్ర పట్టేది కాదు. ప్రొద్దుటూరులో బడిపంతులు ఉద్యోగం, ఇంట్లో ఏ లోటూ లేదు. అయినా మనసంతా దిగులు. డాక్టరు మందు రాయకుండా తన బాక్సు కెమెరా నా చేతిలో పెట్టి, పండగలు తిరిగి ఫోటోలు తియ్యమన్నాడు. రోగం అంతుబట్టక నన్ను వదిలించుకుంటున్నాడని అనుమానించాను.

అయినా విజయదశమికి వేముల వెళ్లాను. ఊరివాళ్లు జమ్మి ఆకులు పెద్దల చేతిలో పెట్టి మొక్కుతుంటే ఫోటోలు తీశాను. తల వంచి కెమెరాలోకి చూస్తున్నంతసేపూ దిగులు గుర్తే రాలేదు.

ఇంతలో ఊళ్లో ఒక వర్గానికి పెద్ద అయిన రైతు వచ్చి నా భుజం పట్టుకున్నాడు. ఎవరు ఎవరికి ఆకు ఇచ్చారో చూస్తే ఎవరు ఏ పక్షమో తెలిసిపోతుంది. అది ఎదుటి వర్గానికి చేరవేయడానికే వచ్చానని ఆయన అనుమానం.

"ఎవురు పంపినారప్పా నిన్ను?"

"డాక్టరు. నాకు నిద్ర పట్టడం లేదని."

"ఫోటోలు తీస్తే నిద్ర పడతాదా? ఎవురికి చెప్తాండావు?"

నాకు ఒళ్లు మండింది. ఫోటోలు కడిగించాక మా ఇంటికే వచ్చి చూసుకోమని చెప్పి వచ్చేశాను.

నిజంగానే వచ్చాడు. వెంట వచ్చిన ఇద్దరిని వాకిట్లో కాపలా ఉంచి, ఒక్కొక్క ఫోటో కిటికీ వెలుగులో పెట్టి ముఖాలు వెతికాడు. అన్నీ చూశాక తలుపు దగ్గరికి వేసి, బయటివాళ్లకు వినపడకుండా అడిగాడు.

"నిజంగా నిద్ర పట్టిందా అయ్యవారూ?"